పేరు ఒకటే, విత్తనం ఒకటి కాదు
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వరి విత్తనం మొలవకపోతే పది రోజుల్లో తెలుస్తుంది. జామాయిల్ మొక్క నాసిరకమైతే ఎప్పుడు తెలుస్తుంది? నాలుగో ఏట, కర్ర కాటాకెక్కినప్పుడు. అప్పటికి నాలుగేళ్ల కౌలు కట్టేసి ఉంటాం. అందుకే చెట్ల విత్తనం ఎక్కడిదన్నది సంఘం పట్టించుకోవలసిన విషయం.

జామాయిల్ స్వస్థలం ఆస్ట్రేలియా. మన దేశంలో చాలాకాలం నాటింది 'మైసూర్ గమ్'. దాని మూలం బెంగళూరు దగ్గర నందికొండ మీది కొద్దిపాటి చెట్లు. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నాటించాడని చెబుతారు. ఆ కొద్ది చెట్ల గింజే ఊరూరా తిరిగింది, మేనరికం మీద మేనరికం చేసినట్టు. తర్వాత శాస్త్రవేత్తలు క్వీన్స్‌లాండ్‌లోని కెన్నెడీ నది, పెట్‌ఫోర్డ్ వంటి చోట్ల అడవి గింజ తెప్పించి పక్కపక్కనే నాటి చూశారు. అవి మైసూర్ గమ్‌ను చాలాచోట్ల దాటిపోయాయి. పెట్‌ఫోర్డ్‌ది వేరే జాతే అనుకోండి, మనం రెంటినీ జామాయిల్ అనే అంటాం.

ఈ పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. నాలుగైదు చోట్ల గింజ తెచ్చి ఒకే నర్సరీలో, ఒకే మట్టిలో, ఒకేసారి నారు పెంచాలి. ఒక్కో చోట కనీసం పాతిక చెట్ల గింజ కలపాలి. ఒక్క చెట్టు కింద ఊడ్చుకొస్తే అది ఆ చెట్టు సంగతే చెబుతుంది. చేనును నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలోనూ అన్ని రకాలనూ చీట్లు తీసి నాటాలి. ఏ చేనులోనైనా ఒక మూల పల్లం, ఒక మూల చౌడు ఉంటుంది కదా. మంచి నేల ఒక్క రకానికే దక్కితే అది విత్తనం గొప్పా, నేల గొప్పా? ఇప్పుడు మనం వేస్తున్న రకం కూడా పక్కన ఉండి తీరాలి. ఏటా బతికినవి లెక్కపెట్టి, ఎత్తు, రొమ్ము ఎత్తున చుట్టుకొలత రాసుకోవాలి. మొదటి ఏడు ఎత్తు చూసి మురిసిపోవద్దు. తొందరగా లేచినవన్నీ కరువు ఏడు నిలబడవు. గాలివానకు ఒరిగినవీ రాయండి, కోస్తాలో అది చిన్న లెక్క కాదు.

క్లోన్ మొక్కలుండగా ఇదంతా ఎందుకని ఒక తమ్ముడు అడిగాడు. క్లోన్లు ఒకే చెట్టుకు నకళ్లు. నల్లరేగడిలో మెప్పించిన చెట్టు ఎర్రనేలలో అలాగే పెరుగుతుందన్న పూచీ లేదు. ఆకు ఈనెలకు బుడిపెలు కట్టించే కందిరీగ వచ్చినప్పుడు కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని కుదేలయ్యాయి.

1966 విత్తన చట్టంలో ఆహార పంటలు, పత్తి, జనపనార, పశుగ్రాసం ఉన్నాయి. జామాయిల్, సరుగుడు వంటి కలప చెట్లు లేవు. బిల్లు మీద 'మొక్కలు' అని రాసిచ్చి చేతులు దులుపుకోవడం అందుకే సాగుతోంది. గింజ ఏ తోటది, ఎన్ని చెట్లది, క్లోన్ అయితే నంబరెంత అనేది బిల్లు మీద ఉండాలి. ప్రతి జిల్లాలో రైతు పొలంలోనే పరీక్షలు పెట్టాలి, ఆ ఎకరానికి కౌలు ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రయోగం ఖర్చు కూడా మన నెత్తినే వేస్తే ఎట్లా?

మండల సమావేశాల్లో ఈ రెండూ తీర్మానం చేసి పంపండి. పాత నర్సరీ బిల్లులుంటే జిరాక్సులు జతచేయండి.