తొలగించిన ఉత్తరము తొలగిపోదేల?



పుస్తకము శిథిలమైనచో గ్రంథపాలకుడు నమోదు పుస్తకమున దాని సంఖ్యపై ఎఱ్ఱసిరాతో గీత కొట్టును. గీత కొట్టినంత మాత్రమున పుస్తకము బీరువాలోనుండి లేచిపోదు. ఎవరో ఒకరు దానిని తీసి ఆ చోటు ఖాళీ చేయవలెను. ఈ రెండు పనులకు నడుమ ఒక్కొక్కచోట సంవత్సరములే గడచిపోవును. కంప్యూటరునందు ఈ-మెయిల్ ఉత్తరములను భద్రపరచు ప్రోగ్రాముల విషయమునను జరుగుచున్నది ఇదియే. డిలీట్ మీట నొక్కినను ఉత్తరము కదలలేదనియో, పోయినది మరల ప్రత్యక్షమైనదనియో విసిగినవారు ప్రోగ్రాము చెడినదని తలచి దానినే తీసివేయబోవుదురు. ఆ తొందరలో కావలసిన ఉత్తరములు సైతము పోవుట కలదు. ప్రోగ్రాము చెడుటకంటె, మొదటి పని జరిగి రెండవ పని జరుగకుండుటయే తఱచు.

ఉదాహరణకు తండర్‌బర్డ్ అను ప్రోగ్రామును గైకొనవచ్చును. దాని 1.0 ప్రతి 2004 డిసెంబరులో వెలువడినది; వెల లేకుండ లభించును. ఇందు సామాన్యముగా ఒక్కొక్క ఫోల్డరులోని ఉత్తరములన్నియు ఒకే పెద్ద ఫైలులో, బైండు చేసిన పుస్తకములోని పుటలవలె, ఒకదానివెనుక నొకటి వ్రాయబడియుండును. దీనికి ఎంబాక్స్ పద్ధతి యని పేరు. దాని ప్రక్కనే చిన్న సూచిక ఫైలు ఉండును. తెరపై కనబడు జాబితా ఈ సూచిక చూపునదే. ఇన్‌బాక్సులోని ఉత్తరమును తొలగింపుమన్నప్పుడు ప్రోగ్రాము దాని నకలును ట్రాష్ ఫోల్డరు చివర చేర్చి, ఇన్‌బాక్సులోని ప్రతికి తొలగించినదను గుర్తు మాత్రము పెట్టును. అసలు పాఠము పెద్ద ఫైలులో నట్లే యుండును. అనగా తొలగించిన క్షణమున కంప్యూటరులో ఖాళీ చోటు పెరుగుటకు మారు తఱుగును! వినుటకు వింతయైనను ఇది నిజము.

డిస్కు పూర్తిగా నిండినపుడు డిలీట్ మీట పనిచేయకుండుటకు కారణ మిదియే. నకలు వ్రాయుటకు చోటు లేదు. నకలు పూర్తికానిదే అసలును విడువరాదని ప్రోగ్రాము జాగ్రత్త వహించును. ఉత్తరములు సర్వరుననే యుండు పద్ధతిలో సర్వరుపై ఇచ్చిన చోటు నిండినను ఇదే గతి పట్టవచ్చును. అట్టి సమయమున ముందు ట్రాషును ఖాళీ చేయవలెను. అదియు వలనుపడనిచో, నిశ్చయముగా అక్కరలేని పెద్ద ఉత్తరము నొకదానిని ఎంచి, షిఫ్ట్ మీటను అదిమిపట్టి డిలీట్ నొక్కవలెను. అప్పుడు ట్రాషులో నకలు పడదు. పొరపాటు జరిగినచో వెదకుకొనుటకు అచ్చట ఏమియు నుండదు. కావున దీనిని అలవాటుగా చేసికొనుట ప్రమాదము.

పిమ్మట రెండవ పని. ఫోల్డరు పేరుపై మౌసు కుడిమీట నొక్కినచో కాంపాక్ట్ అను ఆజ్ఞ కనబడును. గుర్తు పెట్టిన పుటలను విడిచి, మిగిలినవానిని క్రొత్త ఫైలుగా వ్రాయుటయే దాని పని. ఇందుకును కొంత ఖాళీ చోటు వలయును. అది ముగియులోపల కంప్యూటరును ఆర్పరాదు. కరెంటు నిలకడగా లేనిచోట ముందుగా ఒక నకలు పెన్ డ్రైవులో నుంచుకొనుట మేలు.

తొలగించినది జాబితాలో నట్లే కనబడుచున్నను, ఒక ఉత్తరము నొక్కిన వేఱొకటి తెరచుకొనుచున్నను, సూచికకును ఫైలునకును పొత్తు చెడినదని గ్రహింపవలెను. కార్డు కేటలాగు ఒకటి చెప్పగా బీరువాలో వేఱొకటి యుండుట వంటిది. ఫోల్డరు ప్రాపర్టీసులోని రిపేర్ ఫోల్డర్ అను మీట సూచికను క్రొత్తగా వ్రాయును.

కొన్ని చిక్కులు సర్వరువద్ద కలవు. పాప్ పద్ధతిలో ఉత్తరములు కంప్యూటరులోనికి దిగివచ్చును. సర్వరుపై ప్రతిని ఉంచుమను ఏర్పాటున్నచో, ఇచ్చట తొలగించినను అచ్చట మిగిలి, మరియొక కంప్యూటరు తెరచినంతనే దిగివచ్చును. పైగా ఈ పద్ధతిలో తొలగింపు ఆజ్ఞ వెంటనే అమలుకాదు. పని ముగించి ప్రోగ్రాము సెలవు తీసికొన్నప్పుడే సర్వరు దానిని చెరుపును. నడుమ ఇంటర్నెట్టు తెగినచో చెరుపదు. మార్క్ క్రిస్పిన్ 1986 లో రూపొందించిన ఐమాప్ పద్ధతిలో ఉత్తరములు సర్వరుననే యుండును. ఇందును గుర్తు పెట్టుట వేఱు, తుడిచివేయుట వేఱు. అకౌంటు సెట్టింగులలో గుర్తు మాత్రము పెట్టుమని యున్నచో, ఉత్తరము గీత కొట్టినట్లు కనబడుచు జాబితాలోనే నిలిచియుండును. ట్రాషునకు పంపుమని మార్చినచో ఆ తగవు తీరును.

చోటు చాలకపోవుట యొక్కటే యైనచో ఇంత ప్రసంగము అక్కరలేదు. నలుగురు వాడు కంప్యూటరునందు ఒక నిరుద్యోగ యువకుడు తన ఆధార్ కార్డు నకలును, బ్యాంకు పుస్తకపు పుటను ఈ-మెయిల్ ద్వారా పంపి, ఆ ఉత్తరమును తొలగించి, ట్రాషును కూడ ఖాళీచేసి, నిశ్చింతగా ఇంటికి పోవును. కాంపాక్ట్ జరుగనంతవఱకు ఆ ఉత్తరము పెద్ద ఫైలులోనే పడియుండును. ఆ ఫైలును సామాన్యమైన నోట్‌ప్యాడులో తెరచినను ఉత్తరపు మాటలు చదువవచ్చును; తెలిసినవాడు జతపరచిన కాగితములను సైతము బయటికి తీయగలడు. నలుగురు వాడుచోట ఇట్టి ప్రోగ్రామును పెట్టకుండుటయే ఉచితము. బ్రౌజరులో తెరచి, పని ముగిసిన వెంటనే లాగౌట్ చేయవలెను.

ఇక దీనికి ఎదురు పక్షము. పరీక్ష హాల్ టికెట్టు వచ్చిన ఉత్తరమును పొరపాటున తొలగించి, ట్రాషును ఖాళీచేసికొన్న విద్యార్థిని యున్నదనుకొనుడు. చెరిపినను చెరగని యీ గుణమే ఆమెకు రక్ష. అప్పుడు కాంపాక్ట్ ఆజ్ఞను ముట్టరాదు. ఇటీవలి ప్రతులు వ్యర్థమైన చోటు కొంత పేరుకొనగానే ఆ పని తామే చేయును గనుక, ప్రోగ్రామును వెంటనే మూసివేయవలెను. ఆ పెద్ద ఫైలునకు నకలు తీసి, తెలిసినవారిచేత ఆ నకలులోనే వెదకింపవలెను.