పశువులు మన్ను తినుట, ఎముకలు నములుట - కారణములు, కర్తవ్యములు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములలో కొన్ని పశువులకు వింత అలవాట్లు కనబడుచుండును. దూడ గోడ నాకును, మన్ను తినును. గేదె దారిలో దొరకిన బొమికను గంటలకొలది నములును. ఆవు పాతగుడ్డలను, చెప్పులను మ్రింగును. గుఱ్ఱములు సైతము గడ్డి చాలనపుడు కట్టుకొయ్యను కొరుకును, ఉప్పు చాలనపుడు మన్ను నాకును. దీనిని కొందరు దుర్గుణ మందురు, కొందరు దిష్టి యందురు. దూడ మూతికి చిక్కము కట్టి ఊరకుందురు. చిక్కము మన్నును ఆపగలదు గాని, మన్ను తినవలెనను కోరికను ఆపజాలదు. నోరులేని జీవము తన మేతలో ఏదియో లోపించినదని ఈ విధముగా తెలుపుకొనుచున్నది.

ఆ లోపములలో ముఖ్యమైనది భాస్వరము. ఎముకల పుష్టికిని, పాల ఉత్పత్తికిని, చూడి కట్టుటకును ఇది అవసరము. లీటరు పాలతో సుమారు 1 గ్రాము భాస్వరము పశువు శరీరమునుండి వెలుపలికి పోవును. మన ప్రాంతములలో ముఖ్యమైన మేత వరిగడ్డి. కిలో వరిగడ్డిలో ఉండు భాస్వరము కూడ సుమారు 1 గ్రామే. అందును కొంత భాగము మాత్రమే ఒంటబట్టును. కావున వరిగడ్డి మీదనే ఆధారపడిన పాడిగేదె తన ఎముకలలోని నిలువను కరగించి మనకు పాలిచ్చుచున్నదని గ్రహింపవలెను. కొన్ని గేదెలు ఈనిన కొలది వారములలోనే ఎఱ్ఱని మూత్రము పోయుటకు ఈ లోపమే తరచు కారణము. అట్టి గేదెను ఆలస్యము చేయక పశువైద్యునకు చూపవలెను.

ఉప్పు చాలకపోవుట, కడుపులో నులిపురుగులు చేరుట, పీచుమేత తక్కువగుట కూడ ఈ అలవాటునకు కారణములు. మన్ను తిను దూడలలో చాలవాటికి ఏలికపాముల బాధ యుండును.

ఈ అలవాటు ప్రాణాంతకము కాగలదని లోకమునకు రుజువు చేసినవారిలో ముఖ్యుడు ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు. దక్షిణాఫ్రికాలోని వ్రైబర్గు పట్టణ ప్రాంతమున పశువులు కాళ్లు పడిపోయి గుంపులుగా చనిపోవుచుండెను. 1920 ప్రాంతమున ఆయన దానిని పరిశోధించెను. అచ్చటి నేలలోను, గడ్డిలోను భాస్వరము తక్కువ. అందుచే పశువులు చచ్చిన పశువుల ఎముకలను వెదకి నమలుచుండెను. ఆ ఎముకలకు అంటియున్న కుళ్లిన మాంసములో సూక్ష్మజీవులు పుట్టించిన విషము వాటిని చంపుచుండెను. శుభ్రమైన ఎముక పొడిని మేపగా ఎముకల మీది ఆశ తగ్గెను, పశువులు బరువెక్కెను. ఈ విషము సోకిన పశువు నడువలేదు, నమలలేదు, మ్రింగలేదు. అప్పుడు చికిత్స ఫలించుట అరుదు.

అయితే ఎముక పొడి మేపు పద్ధతిని నేడు అనుసరింపరాదు. 1986లో ఇంగ్లండులో గుర్తింపబడిన పశువుల మెదడు వ్యాధి మాంసము, ఎముకల పొడి కలిసిన దాణా మూలమున వ్యాపించినది. పాడిపశువులకు అట్టి దాణా పెట్టరాదని మన దేశమునను నిబంధన యున్నది. దానికి బదులుగా భాస్వరము, కాల్షియము గల ఖనిజ లవణ మిశ్రమము దొరకుచున్నది. పెద్ద పశువునకు దినమునకు సుమారు 50 గ్రాములు, దానితో 30 గ్రాముల ఉప్పు దాణాలో కలిపి పెట్టవలెను. తవుడులో భాస్వరము సమృద్ధిగా నుండును. జనుము, పిల్లిపెసర, లూసర్ను వంటి పచ్చిమేతలు వరిగడ్డి కొరతను కొంత తీర్చును. దూడలకు రెండు వారముల వయసు నుండియే పశువైద్యుని సలహాపై నులిపురుగుల మందు త్రాగించవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆరోగ్యముగానున్న పశువు అకస్మాత్తుగా రాళ్లు, కొయ్యలు కొరుకుచు, చొంగ కార్చుచు, గొంతు మారి అరచినచో అది పిచ్చికుక్క కాటు వలని వ్యాధి కావచ్చును. గొంతులో ఏదో అడ్డుపడినదని భావించి నోట చేయి పెట్టరాదు. వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. చొంగ తగిలినవారు ఆ చోటును సబ్బుతోను నీటితోను 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

మేత సరిచేయుట రైతు బాధ్యత. పశువు నోటికి అందు దారులను, ఊరి బయళ్లను శుభ్రముగా నుంచుట పంచాయతీ బాధ్యత. చచ్చిన పశువును చెరువుగట్టునను, వాగులోను పారవేయుట మొదట మానిపించవలెను. బావులకును చెరువులకును దూరముగా ఒక స్థలమును కేటాయించి, కంచె వేయించి, 6 అడుగుల గోతిలో సున్నము చల్లి పూడ్పించవలెను. చెత్తలోని మేకులు, తీగముక్కలు పశువు కడుపులోని తేనెపట్టు వంటి అరలో చేరి, ముందునకు గ్రుచ్చుకొని గుండెను చీల్చగలవు. ప్లాస్టిక్ సంచులు ఉండలు కట్టి కడుపును నింపివేయును. 120 మైక్రానులకు తక్కువ మందము గల సంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినవి. ఆ నిషేధము మీ ఊరి అంగడిలో అమలగునట్లు చూచుట మీ చేతిలో నున్నది.

పశువైద్యునితో సంప్రదించి, ఊరిలోని పశువులన్నింటికి ఒకే పర్యాయము నులిపురుగుల మందు ఇప్పించు శిబిరము ఏర్పాటు చేయుడు. పంచాయతీ భూమిలో వీలైనంత పచ్చిమేత పెంపించుడు. మీ తదుపరి సమావేశమున చచ్చిన పశువులను పూడ్చు స్థలమును గూర్చి తీర్మానము చేయుడు. ఒక పాడిగేదె చనిపోయిన పేద కుటుంబము తిరిగి కోలుకొనుటకు ఏండ్లు పట్టును. ఆ నష్టమును ఒక గోతితోను, ఒక పిడికెడు లవణముతోను చాలవరకు నివారింపగలము.