కుక్క దూకుడు తగ్గాలంటే



మన ఇంటి కుక్క మనిషి కనబడితే చాలు, మీదికి ఎగురుతుంది. పిల్లల్ని పడేస్తుంది. అది పొగరు కాదు. పొద్దంతా గుంజకు కట్టేస్తే దాని ఒంట్లో బలం ఎక్కడికి పోవాలి?

పొద్దున, సాయంత్రం అరగంట తిప్పండి. ఎగిరితే కొట్టకండి. కొడితే భయపడి కరవొచ్చు. మాట్లాడకుండా అటు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే నిమరండి, ముద్ద పెట్టండి. ఇంట్లో అందరూ ఇట్లాగే చేయాలి. ఒకరు ముద్దు చేసి, ఒకరు కసిరితే దానికేం తెలుస్తుంది?

మూడో నెలలో పిచ్చికుక్క రోగం టీకా వేయించండి. ఏటేటా మళ్లీ వేయించండి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసరు పూయొద్దు. వెంటనే ఆసుపత్రికి పోండి. ఆ రోగం బయటపడ్డాక నయం చేసే మందు లేదు.

పక్కింటివాళ్లకూ ఇది చదివి వినిపించండి.