ప్రహరీకి ఆవలి పొరుగువాడు

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాస నిధి ఏర్పడినదో ఆ తల్లి పేరు కరపత్రముపై గాని పుస్తకముపై గాని అచ్చువేయరాదని కుటుంబమువారు కోరియున్నారు. ఫ్యాను రెక్కలపై సైతము దాత పేరు వ్రాయించు మన సంఘములలో ఇట్టి కోరిక అరుదు గనుక, దానిని మన్నించి నేరుగా విషయమునకు వచ్చెదను.

క్రైస్తవసంఘము తన్ను తాను దాటి చూచుట యనగా మిగిలిన ధనములో కొంత తీసి యిచ్చుటయేనని హైటెక్ సిటీ పరిసరములలోని మనవంటివారికి తోచుట సహజము. ఏలయన మనకు మిగులు కలదు. తెలుగు సంఘముల చరిత్ర మాత్రము వేరొక మాట చెప్పుచున్నది.

1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు నుండి కూలీలను ఎక్కించుకొని దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. అది మొదలు మన తీరప్రాంతములవారు ఒప్పందపు కూలీలై నేటాలులోని చెరకుతోటలకును తేయాకుతోటలకును పోవుచుండిరి. వారిలో బాప్టిస్టులైనవారు, తమకు కాపరి లేకపోగా, స్వదేశమందలి సంఘములకు కబురంపిరి. ఆ సంఘములన్ననో నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో ఎక్కువగా దళితవాడలయందు వెలసినవి. అమెరికా మిషను సహాయము లేక గడవని దినములవి. అయినను, మేమే ఒకరి దయపై బ్రతుకుచున్నాము గదా యని వారు వెనుదీయక, తెలుగు బాప్టిస్టుల హోం మిషను సొసైటీ పక్షమున 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపిరి. ఆ యేటి చివరనే కియర్స్నీ తేయాకుతోటలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది. రంగయ్యగారు 1915లో ప్రభువునందు నిద్రించువరకు ఆ సేవలోనే యుండిరి.

అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల నాయకత్వముతో నడచు మిషనరీ సొసైటీ నొకదానిని స్థాపించి, తమ భాష వినబడని మన నిజాం రాజ్యమును తమ సేవాక్షేత్రముగా ఎంచుకొనిరి. దాని స్థాపకులలో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘమునకు ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. రంగయ్యగారు తనవారిని వెదకుచు సముద్రము దాటిరి. అజరయ్యగారు తనవారు కానివారి యొద్దకు రైలెక్కి వచ్చిరి. దూరము తక్కువైనను రెండవదే కష్టతరమని నా యభిప్రాయము. 1910 నాటి ఎడిన్‌బరో మహాసభలో విదేశ మిషనరీల ఎదుట నిలువబడి, మీరు ధనమిచ్చితిరి, ప్రాణములును ఇచ్చితిరి, స్నేహమే కొరతపడినది అను తాత్పర్యముతో నిర్మొగమాటముగా పలికినదియు ఆయనయే. ఆయన ఏలిన అధ్యక్ష మండలములోని పేదపల్లెల స్త్రీలు ఎసట్లో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేరు కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చుచుండిరి. కూలిగింజలతో కాలము గడుపువారిని కానుక అడుగుట న్యాయమా యని నేడు మనకు సందేహము కలుగవచ్చును. కాని పుచ్చుకొనువాడే ఇచ్చువాడును అయినచోట దాత, యాచకుడు అను తారతమ్యము ఎక్కువకాలము నిలువజాలదు.

ఇక మన ముంగిటికి వత్తము. 1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో ఫంక్షన్ హాళ్లయందును అద్దె మేడలపైనను పుట్టిన సంఘములలో మనదియు ఒకటి. గుంటూరువారు, ఏలూరువారు, కరీంనగరువారు, ఈ బెంచీలపై కూర్చున్నవారందరును దాదాపు వలసవచ్చినవారే. మన వెనుకనే మనకు ఇండ్లు కట్టుటకు ఒడిశా, ఝార్ఖండ్, బీహారు, పాలమూరు కూలీలు వచ్చిరి. ఆదివారము మధ్యాహ్నము కోకాపేటలో ఆకాశమునంటు కట్టడముల వెనుకకు పోయి చూడుడు: రేకుల షెడ్లు, ఇటుకలు పేర్చిన పొయ్యి, ట్యాంకరు కొరకు వరుసగా పెట్టిన బిందెలు, మేకుకు వ్రేలాడు పసుపుపచ్చ హెల్మెట్టు, దాని క్రింద ఒక యువకుడు చెవికి ఫోను ఆనించుకొని ఊరికి డబ్బు చేరినదా యని తల్లిని అడుగుచుండుట. మనము ఆరాధన ముగించి కార్లు తీయు వేళయు అదే.

ఈ షెడ్లు ఒక్కసారి మన కంటబడినవి. 2020 లాక్‌డౌనులో, మే 1వ తేదీ తెల్లవారుజామున, దేశములోని మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మంది కూలీలతో మన లింగంపల్లి స్టేషను నుండియే ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. ఆ వారములలో సంఘములు అన్నపు పొట్లములు పంచినవి, మంచిపనియే. కూలీలు మరల వచ్చిరి. పొట్లముల పని తీరినది గనుక మనము మరల పోలేదు.

ఇందులకు కారణము మన దుర్బుద్ధి కాదు, మన అలవాటు. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను, పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో రెండు శాతము సమాజహితమునకు వెచ్చింపవలెనని విధించినది. చట్టమును తప్పుపట్టను. కాని శుక్రవారము ఆఫీసులో నేర్చిన, సీఎస్సార్ అను ఆ పద్ధతి ఆదివారమునకు గుడిలోనికి నడచివచ్చినది: ఒకే రంగు టీషర్టులు, బ్యానరు, దుప్పటి అందుకొనుచు కెమెరావైపు తిరుగవలసిన ముదుసలి, సాయంకాలమునకు వాట్సాప్ గ్రూపు నిండ ఫోటోలు. ఎడమచేతికి తెలియరాదని ప్రభువు చెప్పిన దానమునకు ఇంత ప్రచారమేల?

మరియొక చిక్కును దాచరాదు. అన్నముపెట్టి మతము మార్చుదురను నింద మనకు పాతదే. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును కాంట్రాక్టు తీసికొని, వేలమందికి కూలి కల్పించిరి. కాని కరవుపని సాగినంతకాలము బాప్తిస్మము అడిగినవారిని ఆగుమనిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని పండుగ ప్రసంగములలో ఎలుగెత్తి చెప్పుకొందుము. దానికి ముందటి నిరీక్షణను మాత్రము మింగివేయుదుము. షెడ్లకు పోవునపుడు మన చేత సువార్త కరపత్రము ఉండరాదనుటకు నాకు ఈ ప్రమాణము చాలును.

పోయి చేయవలసినదేమి? బిర్యానీ పంచుట కాదు. భవననిర్మాణ కార్మికులకై యున్న చట్టము ప్రకారము, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు పనిచేసిన 18–60 ఏండ్ల కార్మికుడు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసికొనవచ్చును. ఆ మండలి నిధికై కట్టడపు వ్యయములో ఒక శాతము సెస్సు వసూలగుచున్నది. ఈ సంగతి తెలియక, తెలిసినను దరఖాస్తు నింపలేక, ఎందరో ఆ నిధికి దూరముగా నున్నారు. రాత్రింబవళ్లు కంప్యూటరు తెరపై ఇట్టి ఫారములను తయారుచేయుటయే వృత్తియైన యువకులు మన సంఘములో కొల్లలు. వారు నెలకొక ఆదివారము షెడ్ల ఎదుట కూర్చున్న చాలును.

ఒక సూచన చేసి ముగించెదను. మన సేవాసమితిలోనివారందరును విల్లాలవారే, అపార్టుమెంట్లవారే. రాబోవు ఎన్నికలలో షెడ్లవారిని ఇద్దరిని, క్రైస్తవులు కాకున్నను, ఆ సమితిలో కూర్చుండబెట్టి, వారి పేర వ్రాయు ప్రతి పద్దుకును వారి సమ్మతి కావలెనని తీర్మానింపుడు. వారికి తెలుగు రాదే, సమావేశములు హిందీలో జరుపవలసివచ్చునే యని పెద్దలెవరైన ఆక్షేపింతురేమో. సోమవారము మొదలు శుక్రవారము వరకు టీము మీటింగులలో తాము ఏ భాష మాటలాడుచున్నారో వారినే అడుగుడు.