కంప్యూటరు పెట్టెలోని పంకాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల మాట. అట్టి యెండలో ఇంట కంప్యూటరు నడుపువారికి పనికివచ్చు సంగతులు కొన్ని నేడు మనవి చేసెదను. విడిభాగములు కొని యంత్రమును స్వయముగా కూర్చుకొనువారు ప్రాసెసరును గూర్చి పదిమందిని విచారింతురు. పంకాలను మాత్రము దుకాణదారుడు ఇచ్చినవి ఇచ్చినట్లు బిగింతురు. చిక్కు అచ్చటనే పుట్టుచున్నది.

ఒక వేసవిలో మా తమ్ముని కుమారుడు తాను కూర్చుకొన్న యంత్రముమీద ఇండ్ల నమూనాలు గీయుచుండెను. మధ్యాహ్నమగుసరికి పని మందగించెడిది. ఒకనాడు యంత్రము దానంతట అదియే ఆగిపోయి, మూడు గంటల శ్రమ వ్యర్థమయ్యెను. ప్రాసెసరు చెడినదని తలచి, అతడు క్రొత్తదానికై డబ్బు కూడబెట్టసాగెను. నేను పెట్టె ముందర అగరువత్తి పట్టి చూచితిని. లోనికి పోవలసిన పొగ నా ముఖముమీదికి వచ్చెను! ముందరి పంకాయు, వెనుకటి పంకాయు రెండును గాలిని బయటికే నెట్టుచుండెను. ముందరిదానిని త్రిప్పి బిగించితిమి. నాలుగు మరలు విప్పి బిగించిన శ్రమ తప్ప వేరు ఖర్చు లేదు.

పంకా చల్లదనమును పుట్టింపదు. వేడిగాలిని వెడలగొట్టి, గదిలోని గాలిని ఆ చోట నింపును. అంతియే దాని పని. భారమైన పనులు చేయునపుడు ప్రాసెసరు 100 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు వాడుట సామాన్యము. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగానే మారును. నూరు వాట్ల పాత బల్బులు మూడింటిని బీరువాలో వెలిగించి తలుపు మూసినట్లే యగును. కావున పంకాలెన్ని యని లెక్కించుటకు ముందు గాలికి దారి యున్నదా యని చూడవలెను. ముందరనుండి గాలి వచ్చి, వెనుకనుండియు పైనుండియు పోవలెను. సామాన్యముగా పంకా ఆకులు అడ్డు లేక కనబడు వైపున గాలిని పీల్చును. మోటారును పట్టియుంచు కమ్ములున్న వైపున విడుచును. పెట్టెను గోడకు ఆనించి పెట్టక, వెనుక జానెడు చోటు విడువుడు.

ఇక ఎంపిక మాట. పెట్టెలో పట్టునంత పెద్ద పంకాను కొనుట మేలు. 80 మిల్లీమీటర్ల పంకా వృత్తముకంటె 120 మిల్లీమీటర్లదాని వృత్తము రెండింతలకు పైబడి యుండును. అందువలన పెద్దది మెల్లగా తిరిగియు సరిపడు గాలి నిచ్చును. వేగము సగమైనచో గాలియు సగమగును గాని, దానికి పట్టు విద్యుచ్ఛక్తి ఎనిమిదవ వంతునకు దిగును. రొదయు మిక్కిలి తగ్గును. కావుననే వేగముగా తిరుగు ఒక పంకాకంటె మెల్లగా తిరుగు రెండు పంకాలు సుఖము. జల్లెడ వెనుక బిగించుదానికి గాలిని ఒత్తిడితో నెట్టు రకము కావలెను. నాలుగు పిన్నుల పంకా అయినచో వేడిమిని బట్టి వేగమును మదర్‌బోర్డు చక్కగా దిద్దుకొనును. బేరింగు మాటయు అడుగుడు. స్లీవు బేరింగు చవుక. కాని మన వేడికి దానిలోని నూనె త్వరగా ఎండును. బాల్ బేరింగు వేడికి ఓర్చును, కొంత చప్పుడు చేయును. ద్రవముమీద తిరుగు బేరింగు ధర ఎక్కువైనను, నెమ్మదిగా చిరకాలము పనిచేయును.

కొన్నంతమాత్రమున తీరదు. మన యిండ్లలో దుమ్మే ముఖ్యశత్రువు. లోనికి వచ్చు గాలి, పోవు గాలికంటె కొంచెము ఎక్కువగా నుండునట్లు అమర్చి, వచ్చు దారులకు జల్లెడలు పెట్టినచో సందులగుండ దుమ్ము దూరదు. జల్లెడలను నెలకొకసారి కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే బిగింపుడు. ఏటికి రెండుసార్లు పెట్టెను విప్పి లోపల తుడువవలెను. ముందుగా యంత్రమును ఆపి, ప్లగ్గు ఊడదీయవలెను. గాలి యూదునపుడు పంకా ఆకులను వ్రేలితో కదలకుండ పట్టుకొనుడు. విడిచినచో అది మితిమీరిన వేగముతో తిరిగి బేరింగు చెడును. గరగరలాడు పంకాలో కొబ్బరినూనె పోయకుడు. అది చలికి గడ్డకట్టును, కొంతకాలమునకు జిగురగును. అట్టి పంకాను మార్చుటయే ఉచితము.

యంత్రము ఆరోగ్యమును తెలిసికొనుటకు ఒక సులభోపాయము కలదు. ఒకే పని చేయించుచు, ప్రాసెసరు వేడిమినుండి గది వేడిమిని తీసివేయుడు. శీతకాలమున గది 25 డిగ్రీలు, ప్రాసెసరు 60 డిగ్రీలు ఉన్నవనుకొందము, తేడా 35. మే నెలలో గది 40 డిగ్రీలైనచో ప్రాసెసరు 75 చూపుట సహజము, భయపడనక్కరలేదు. అది 90 చూపెనా, తేడా 50 అయినది. ఎండను నిందింపక, దుమ్మునో, ఆగిపోయిన పంకానో వెదకవలెను. చాల ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల ప్రాంతమున తమ్ము తాము కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. మా వాని యంత్రము మందగించుటకు కారణమిదియే.

ప్రాసెసరుకై దాచిన డబ్బులో కొంత తీసి, అతడు రెండు మంచి పంకాలును ఒక జల్లెడయు కొనెను. తరువాతి రోహిణి కార్తెలో కూడ అతని పని ఆగలేదు. మీరును ఈ వేసవికి ముందే ఒకసారి అగరువత్తి పట్టి చూడుడు.