బాలబాలికలును రగ్బీ క్రీడయును
(మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



మన మహాసభలయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఉపన్యాసములు వినుట మనకు వాడుక. ఆటలను గూర్చి మాటలాడుడని కార్యనిర్వాహకవర్గమువారు కోరినప్పుడు, ఇందరు పెద్దల కాలమును ఆటలకై వినియోగింపవచ్చునా యని మేము సంకోచించితిమి. కాని మన వసతిగృహములోని పిల్లలను చూచిన పిమ్మట ఆ సంకోచము తొలగినది. తెల్లవారుజామున పుస్తకము పట్టిన బాలుడు రాత్రి పదిగంటలకుగాని దానిని విడువడు. మిగిలిన కొద్దిపాటి విరామమును చేతిలోని ఫోను హరించుచున్నది. గృహము వెనుకనున్న మైదానమున ముండ్లకంపలు పెరిగినవి. ఆ మైదానమును గూర్చియే మా విన్నపము.

మేము ప్రస్తావించు క్రీడ రగ్బీ. ఇంగ్లండులో రగ్బీ పట్టణపు పాఠశాలనుండి దీనికాపేరు వచ్చెను. అచ్చటి విద్యార్థులే 1845లో దీని నిబంధనలను మొదట వ్రాసిరి. మనదేశమునకు ఇది నిన్నమొన్నటిది కాదు. 1872లో క్రిస్మసు దినమున కలకత్తాలో దొరలు దీనిని ఆడిరి. మరుసటియేట ఒక క్లబ్బు నేర్పరచుకొనిరి. కొన్నియేండ్లకు ఆ క్లబ్బు మూతపడగా, బ్యాంకులో మిగిలిన వెండిరూపాయలను కరిగించి ఒక పాత్ర చేయించి, 1878లో ఇంగ్లండు రగ్బీ సంఘమునకు సమర్పించిరి. నాగుపాముల పిడులును, మూతపై ఏనుగును గల ఆ కలకత్తా కప్పుకై ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని పోటీపడుచున్నవి. నాటి ఆట దొరలది. నేటి ఆట మన పిల్లలదియు కావలెను.

ఈ ఆటయందు బంతి కోడిగ్రుడ్డువలె కోలగానుండును. దానిని చేతబట్టి పరుగెత్తి, ఎదుటిపక్షమువారి గీత దాటి నేలకానించినచో ఐదు పాయింట్లు వచ్చును. ఎదుటివారు పట్టి పడవేయుదురు. చెడుగుడు ఆడినవారికి పట్టు క్రొత్తగాదు. కాని యొక నియమము మాత్రము విచిత్రమైనది. బంతిని చేతితో ముందున్నవానికి అందింపరాదు. ప్రక్కకో వెనుకకో అందింపవలెను. కావున ముందు పరుగెత్తువాడు వెనుకవచ్చు వానిని నమ్ముకొనవలెను. వెనుకవాడు అతని వెంట విడువక పరుగెత్తవలెను. మనలో చదివి పదవులు పొందినవారు వెనుకనున్నవారికి చేయూత నీయవలెనని మనము ప్రతి మహాసభయందును తీర్మానించుచున్నాము. ఆ తీర్మానమును పదియేండ్ల బాలుడు ఈ మైదానమున ప్రతిసాయంకాలమును ఆచరణలో పెట్టును.

పదునైదుగురి జట్టులో బలిష్ఠునకును, సన్ననివానికిని, పొడుగువానికిని, పొట్టివానికిని తగిన స్థానము గలదు. లావుగానున్నాడని తోడివారు నవ్వెడి బాలుడే ఇచ్చట జట్టునకు ఆధారమగును. రిఫరీ తీర్పునకు ఎదురు చెప్పరాదు. ఆట ముగిసిన పిదప ఓడినవారును గెలిచినవారును కరచాలనము చేసికొనుట ఆచారము.

అయినను తల్లుల భయము మాకు తెలియనిది కాదు. దానిని మేము తేలికచేయము. 2016లో బ్రిటనునందు డెబ్బదిమందికి పైగా వైద్యులును పండితులును పాఠశాలల రగ్బీయందు పడవేయు పట్టును నిషేధింపుడని బహిరంగలేఖ వ్రాసిరి. తలకు దెబ్బ తగులుటయే వారి ముఖ్యభయము. కావుననే పసివారికి వేరొక విధానము గలదు. నడుమునకు ఇరువైపుల రెండు పట్టీలు వ్రేలాడదీసికొందురు. పట్టీ లాగినచో పట్టుకొన్నట్లే. పడవేయుట లేదు. దీనిని ట్యాగు రగ్బీ యందురు. ఇంగ్లండులో ఎనిమిదేండ్లలోపు పిల్లలు ఇట్లే ఆడుదురు; ఆపైననే పట్టు క్రమముగా నేర్పుదురు. మన పిల్లలకు శిక్షితుడైన గురువు లభించువరకు పట్టీల ఆటయే చాలును. తలకు దెబ్బ తగిలెనని అనుమానము కలిగినంతనే బిడ్డను మైదానమునుండి తప్పింపవలెను. ఆ దినమున మరల ఆడనీయరాదు. వైద్యుడు సమ్మతించినగాని తిరిగి దింపరాదు. ఈ నియమము పాటింపలేనిచోట ఆట పెట్టకుండుటయే మేలు.

వసతిగృహపు పిల్లలకు ఇది సాధ్యమా యని సందేహింపవలదు. మన పొరుగున భువనేశ్వరములో గిరిజన పిల్లలకై నడచు వసతి విద్యాలయపు పిల్లలు 2007లో లండనునందు జరిగిన పదునాలుగేండ్లలోపు పాఠశాలల అంతర్జాతీయ పోటీలలో విజయము గాంచిరి. బాలికలును వెనుకబడలేదు. 2019లో మనీలాలో భారత మహిళల జట్టు సింగపూరుపై 21–19తో గెలిచినది. 2025లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగునందు హైదరాబాదు పేరిట ఒక జట్టు ఆడినది.

ఇక మా మనవి. మైదానమును బాగుచేయింపుడు. నిధినుండి బంతులకును పట్టీలకును కొంత సొమ్ము కేటాయింపుడు. వారమునకు రెండు సాయంకాలములు బాలురకును బాలికలకును విడువుడు. నాల్గవది చెప్పుటకు కొంత ధైర్యము కావలసియున్నది. ఆ మైదానపు ద్వారము మన పిల్లలకే గాక పేటలోని అన్నికులముల పిల్లలకును తెరువుడు.

ఇది కొందరు పెద్దలకు రుచింపకపోవచ్చును. స్థలము మన పూర్వుల చందాలతో కొన్నదే. కాని వారు ఆ చందాలేల యిచ్చిరి? తమ బిడ్డలు ఇతరుల ద్వారములయొద్ద నిలువబడి తిరిగివచ్చుట చూడలేక యిచ్చిరి. అట్టివారు కట్టిన గోడకు మనము తాళము వేసినచో వారి ఋణము తీర్చినవారమగుదుమా? క్రిందపడిన పిల్లవాడు తన్ను లేవనెత్తిన చేయి ఏ కులముదో అడుగడు. ఆ బుద్ధి పెద్దయైన పిదప వచ్చుట కష్టము, పసితనముననే రావలెను.

వచ్చు మహాసభనాటికి ముండ్లకంపలు తొలగిన మైదానమున పిల్లల కేకలు వినవలెనని కోరుచున్నాము.