బెలూన్ ముందా, నేరుగా స్టెంటేనా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టరును. గుండె గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారంటే దానికి కారణం మా భాయిజాన్.

పోయిన సంవత్సరం ముందుగా తేదీ పెట్టుకుని ఆయనకు స్టెంటు వేయించాం. అదే రోజు పక్క మంచం ఆయనకూ వేశారు. ఆయనకు నేరుగా స్టెంటే పెట్టారు. మా భాయిజాన్‌కు ముందు బెలూన్‌తో రక్తనాళం వెడల్పు చేసి, ఆ తర్వాత పెట్టారు. ఈ తేడా తెలిసి మా భాభీ ఒకటే ఏడుపు, జబ్బు ముదిరిపోయిందని, తన దగ్గర దాస్తున్నామని. వాళ్ళబ్బాయేమో బెలూన్ బిల్లు పెంచడానికే అన్నాడు. నేను సరాసరి డాక్టరుగారినే అడిగాను.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. 1977లో జూరిచ్‌లో గ్రుంట్‌సిగ్ అనే డాక్టరు మొదటిసారి గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచాడు. కానీ కొందరికి నాళం మళ్ళీ మూసుకుపోయేది. అందుకే 1986లో ఫ్రాన్సులో, స్విట్జర్లాండులో లోహపు జాలీ గొట్టం, అదే స్టెంటు, పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో బెలూన్ ముందు, స్టెంటు తర్వాత. స్టెంట్లు సన్నబడి, మెత్తగా వంగడం వచ్చాక నేరుగా పెట్టడం వీలైంది. అసలు తమాషా ఏమిటంటే, ఆ స్టెంటు కూడా ఒక బెలూన్ మీదే బిగించి ఉంటుంది! బెలూన్ లేని వాడెవడూ లేడు.

నేరుగా పెడితే టైము కలిసివస్తుంది, ఎక్స్‌రే తగ్గుతుంది, ఒక బెలూన్ ఖర్చు మిగులుతుంది, డై కూడా తక్కువ పడుతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఈ డై సంగతి చిన్నది కాదు. అయితే నాళంలో సున్నం గట్టిపడి ఉంటే, వంకరలుంటే, స్టెంటు లోపలికి దూరదు. దూరినా పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. సగం విచ్చుకున్న స్టెంటును మళ్ళీ బయటికి తీయడం కుదరదు. అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మా భాయిజాన్‌ది సున్నం పట్టిన నాళం. బెలూన్ అందుకే.

"తగిన నాళాల్లో రెండు పద్ధతులనూ పోల్చి చూశారు మాస్టారూ, తర్వాత ప్రాణానికి వచ్చే ముప్పులో పెద్ద తేడా కనిపించలేదు" అన్నారాయన. ఆ మాట భాభీకి చెప్పాకే ఆమె అన్నం తిన్నది.

రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు, డాక్టరు చెప్పేదాకా ఒక్క పూటా మానకూడదని మాత్రం ఆయన గట్టిగా చెప్పారు. మూడో నెలలో పక్క మంచం ఆయన పన్ను పీకించుకోవాలని వాటిని సొంతంగా ఆపేశాడట. ఫోనులో సంగతి విని మా భాయిజాన్ నాలుగు చీవాట్లు పెట్టి, అదే రోజు ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపించాడు.